లారీ ఆగిన రోజుకు కూలి ఎవరిస్తారు?

విశాఖలో ఒక మాట బలంగా పాతుకుపోయింది. పోర్టు ఉంది, స్టీల్ ప్లాంటు ఉంది, సరుకుకు కరవు లేదు. లోడుతో వెళితే కిలోమీటరుకు యాభై రూపాయల కిరాయి దొరుకుతుంది. సొంత లారీ తానే తోలుకునేవాడు నష్టపోయాడంటే ఒళ్ళు వంచకపోవడమో, లెక్క తెలియకపోవడమో అయివుంటుంది. అప్పిచ్చేవాళ్ళూ, సరుకు పంపేవాళ్ళూ, చివరికి కొందరు లారీ యజమానులూ దీన్నే నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. కిలోమీటరు రేటు బండి కదిలినప్పటి సంగతే చెబుతుంది. ఇంటికి ఎంత చేరుతుందన్నది బండి ఎన్నాళ్ళు కదలకుండా పడివుందన్న దాని మీద ఆధారపడుతుంది.

వాళ్ళ యాభై రూపాయలనే తీసుకుని లెక్క వేద్దాం. పది టైర్ల లారీ స్టీలుతో హైదరాబాద్ వెళ్ళిందనుకుందాం. దూరం సుమారు 620 కిలోమీటర్లు, కిరాయి 31,000. తిరుగు లోడు అంత ధరకు దొరకదు కాబట్టి 20,000 అనుకుందాం. రానూపోనూ 1,240 కిలోమీటర్లకు వచ్చింది 51,000. లీటరుకు సగటున నాలుగు కిలోమీటర్లు వస్తే 310 లీటర్లు పడుతుంది. లీటరు 95 రూపాయల లెక్కన డీజిల్‌కే 29,450. టోల్‌గేట్లకు 5,500, టైర్లు, ఆయిలు, రిపేర్లకు కిలోమీటరుకు నాలుగు చొప్పున దాదాపు 5,000, బ్రోకరు కమీషను, క్లీనరు బత్తా, తిండి, దారి మామూళ్ళకు 4,000 వేసుకుంటే మిగిలేది 7,000. అంటే కిలోమీటరుకు యాభై కాదు, ఐదున్నర పైచిలుకు. తిరుగు లోడు దొరక్కపోతే అదీ లేదు. ఇక సెకండ్‌హ్యాండ్ బండికి నెలవాయిదా 30,000 అనుకుందాం. ఇరవై నుంచి నలభై టన్నుల లారీకి 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 43,950. పన్నుతో కలిపి నెలకు నాలుగు వేలు. నెలకు ఆరు ట్రిప్పులు పడితే ఈ రెండూ పోను డ్రైవర్‌కు దక్కేది 8,000. నాలుగే పడితే చేతినుంచి 6,000 వేసుకోవాలి. రెండు సందర్భాల్లోనూ కిలోమీటరు రేటు ఒక్కటే! తేడా అంతా ఆ రెండు ట్రిప్పులది. ఆ రెండు ట్రిప్పులు ఎక్కడ పోయాయంటే లోడింగు వరుసలో, కాటా దగ్గర, గోడౌను గేటు ముందు, అన్‌లోడింగుకు కూలీలు దొరకని ఆదివారాల్లో.

ఒకే రేవులో మూడు వాహనాలకు జరిగే న్యాయం పోల్చి చూడండి. ఓడను ఒప్పుకున్న గడువు దాటి నిలిపితే అద్దెకు తీసుకున్నవాడు ఓడ యజమానికి డెమరేజ్ కడతాడు. రైలు వ్యాగన్‌ను ఉచిత సమయం దాటి పట్టి ఉంచితే రైల్వే గంటల లెక్కన డెమరేజ్ వసూలు చేస్తుంది. లారీని రెండు రోజులు నిలబెట్టినవాడికి మాత్రం చాలాసార్లు పైసా ఖర్చుండదు. ఆగిన రోజులకు హాల్టింగ్ చార్జీ అడిగితే తరువాతి లోడు రాదన్న భయంతో చిన్న యజమాని నోరు మెదపడు. ఓడదైనా వ్యాగన్‌దైనా లారీదైనా కాలం కాలమే. మొదటి రెండింటి వెనక పెద్ద సంస్థలున్నాయి, మూడో దాని వెనక ఒక కుటుంబం ఉంది. ఇంతకు మించి ఈ వివక్షకు కారణం నాకు కనిపించదు. 2024 సెప్టెంబరులో స్టీల్ ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు ఒక్కటే నడిచింది. అలాంటి రోజుల్లో లోడు తగ్గుతుంది, వరుస పెరుగుతుంది, వాయిదా తేదీ మాత్రం మారదు.

లారీలు ఎక్కువై కిరాయిలు పడిపోయాయి, అది మార్కెట్ ధర్మం అంటారు. లారీలు ఎక్కువైన మాట నిజమే. అయితే 2018 జులైలో కేంద్రం ఇరుసు భారం పెంచి మూడు ఇరుసుల లారీ మొత్తం బరువును 25 నుంచి 28.5 టన్నులకు అనుమతించింది. అదే సరుకుకు తక్కువ బళ్ళు చాలే పరిస్థితి ఒక్క ఉత్తర్వుతో వచ్చింది. అది మార్కెట్ చేసిన పని కాదు. పోనీ ఇంకాస్త ఎక్కించి పూడ్చుకోమందామా? 2019 సవరణ తరువాత అధిక లోడుకు జరిమానా 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000. ఒకసారి పట్టుబడితే మూడు ట్రిప్పుల మిగులు పోతుంది. రాయపూర్ కొత్త రహదారి వస్తే 595 కిలోమీటర్లు 464కు తగ్గుతాయి, లారీవాళ్ళు బాగుపడతారన్నది ఇంకో ఆశ. డీజిలూ టైరూ కలిసొచ్చే మాట కాదనను. కానీ కిరాయిని దూరంతో కొలిచినంతకాలం దూరంతోపాటు కిరాయీ తగ్గుతుంది, గేటు ముందు నిలబడే గంటలు తగ్గవు.

పై లెక్కలో కలపని ఖర్చు ఇంకొకటి ఉంది. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడి ట్రక్కు నడిపే ఖర్చును ఏటా ప్రచురిస్తుంది. 2023కి అది మైలుకు 2.27 డాలర్లు. ఆ ఖర్చులో డ్రైవర్ జీతం కలిసే ఉంటుంది. మన సొంత లారీ డ్రైవర్ మాత్రం రాత్రింబవళ్ళు తోలిన తన కష్టాన్ని ఖర్చు కింద రాసుకోడు, మిగిలిన ఎనిమిది వేలనే లాభం అనుకుంటాడు. తన జీతం వేసుకుంటే ఆరు ట్రిప్పుల నెల కూడా నష్టంలోకే జారుతుంది. బండి తరుగుదల ఇంకా కలపనేలేదు.

అందుకే లారీ ఆగిన గంటలకు హాల్టింగ్ తప్పనిసరి చేయాలి. అలా చేస్తే స్టీలు ధర పెరుగుతుందన్న అభ్యంతరం నిలవదు. గడువులోగా దింపుకునేవాడు కట్టాల్సింది ఏమీ ఉండదు, ఆలస్యం చేసేవాడే కడతాడు. రుజువు కష్టమన్నదీ అంతే. బండి లోపలికి వెళ్ళిన వేళ గేటు పాసు మీద, బరువు తూగిన వేళ కాటా చీటీ మీద ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ సరుకు రవాణా కిరాయిలకు కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి 1988లోనే ఇచ్చింది. ఆటోకు మీటరు రేటు నిర్ణయించే ప్రభుత్వం పోర్టు నుంచీ స్టీల్ ప్లాంటు నుంచీ కదిలే లారీకి ఇన్ని గంటలు ఉచితం, ఆపైన గంటకు ఇంత అని ఎందుకు రాయకూడదో చెప్పాలి.