రంగం వెళ్లినవాడు, డబ్లిన్ వెళ్లినవాడు

1937 ఎన్నికల్లో బొబ్బిలిలో ఓడిపోయింది సాక్షాత్తూ బొబ్బిలి రాజా. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాష్ట్రానికి అప్పటి ప్రీమియర్. సొంత కోట నీడలోనే ఆయన్ని ఓడించిన, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరిని, అంతకు ఇరవై ఒక్కేళ్ల ముందు, దేశం విడిచిపొమ్మని డబ్లిన్ అధికారులు నోటీసు ఇచ్చి పంపేశారు. పరాయి దేశంలో కూర్చుని సొంత దేశపు స్వేచ్ఛ గురించి మాట్లాడినవాళ్లు చాలామందే ఉన్నారు. తిరిగొచ్చి, ఆ స్వేచ్ఛ ఎవరికి కావాలో వాళ్ల ముందే చేతులు జోడించి ఓటడిగినవాళ్లు తక్కువ. గిరి కథ ఉత్తరాంధ్రకు దగ్గరవడానికి అదే కారణం.

గిరిది బరంపురం. అప్పటి గంజాం జిల్లా. మన చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) కూడా ఆ జిల్లాలోనే ఉండేది. 1913లో లా చదవడానికి ఆయన ఐర్లాండ్‌లోని డబ్లిన్ వెళ్లాడు. అక్కడ యూనివర్సిటీ కాలేజీలో సాహిత్యం చెప్పిన థామస్ మెక్‌డొనా, బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. మే 3న బ్రిటిష్ సైన్యం ఆయన్ని కాల్చి చంపింది. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని జులై 1లోగా వెళ్లిపొమ్మన్నారు. బారిస్టరు పట్టా చేతికొచ్చి అప్పటికి పదిరోజులే.

అయితే పోలీసుల కన్ను ఆ విద్యార్థుల మీద పడింది ఐర్లాండ్ వ్యవహారాల వల్ల మాత్రమే కాదు. అంతకుముందే వాళ్లొక కరపత్రం తయారు చేశారు. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న అకృత్యాల గురించి రాసింది అది. బ్రిటిష్ నిఘా విభాగం దాన్ని మధ్యలోనే పట్టుకుంది. ఐరిష్ పత్రికలకు భారతీయ విద్యార్థులు పేరు పెట్టకుండా వ్యాసాలు కూడా రాసేవారు.

ఈ కరపత్రం దగ్గర కాస్త ఆగాలి. గిరి డబ్లిన్‌లో దిగిన 1913లోనే దక్షిణాఫ్రికాలోని నాటాల్ బొగ్గు గనుల్లో, చెరకు తోటల్లో భారతీయ కూలీలు మూడు పౌండ్ల తలపన్ను మీద సమ్మె కట్టారు. 1860 నుంచి 1911 దాకా ఒప్పందం మీద నాటాల్ చేరినవాళ్లు దాదాపు లక్షన్నర మంది. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. అందులో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. అంటే రాసినవాడూ, ఎవరి గురించి రాశాడో వాళ్లూ ఒకే తీరం వదిలి వెళ్లారు. సంతకం వచ్చినవాడు డబ్లిన్ చేరాడు, ఒప్పందం మీద వేలిముద్ర వేసినవాడు నాటాల్ చేరాడు. గిరి తొలి హక్కుల రాజకీయం సాటి వలసవాళ్ల కూలి బతుకుతో మొదలైందన్న సంగతి రాష్ట్రపతుల జీవిత చరిత్రల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. నా లెక్కలో అసలు సంగతి అదే.

మన పక్క వలసకు ఇంకా దగ్గరి పేరు రంగం. రంగూన్‌ను ఇక్కడి పాతతరం అలాగే పిలిచేది. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కితే రంగం. అక్కడ రేవు కూలి పని చాలావరకు తెలుగువాళ్లదే. బర్మావాళ్లు వాళ్లను కోరంగీలు అనేవారు. 1930 మేలో కూలి పెంచమని ఈ కోరంగీలు సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె తీరి పాతవాళ్లు తిరిగి వచ్చిన రోజు, మే 26న, పని పోయిన బర్మా కూలీలకూ వీళ్లకూ గొడవ మొదలై ఊరంతా అంటుకుంది. వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్లలో అత్యధికులు భారతీయులే. చదువు రాకపోయినా, పరాయి నేల మీద హక్కు అడగడం వాళ్లకు తెలుసు. చరిత్ర పుస్తకాలు మాత్రం ఆ సమ్మెను అల్లర్ల అధ్యాయంలోకి నెట్టేశాయి.

గిరి తిరిగొచ్చాక రైల్వే కార్మిక సంఘాల్లో పనిచేశాడు. బొబ్బిలి గెలుపుతో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టాడు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో మాత్రం ఆయన్ని 565 ఓట్ల తేడాతో దాటి, జనరల్ సీటును దక్కించుకున్నది గిరిజనుడైన డిప్పల సూరి దొర. గిరి పక్షం కోర్టుకెక్కింది. దొర కుటుంబం క్షత్రియ ఆచారాలు పాటిస్తోంది కాబట్టి ఆయన గిరిజనుడే కాదని కూడా వాదించింది. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న గిరిజనుడు జనరల్ సీటు గెలవకూడదనే నియమం లేదని తేల్చింది. డబ్లిన్‌లో హక్కుల కరపత్రం వేసినవాడి పేరే పార్వతీపురం గిరిజనుడి హక్కును ఖాయం చేసిన తీర్పు మీద, ఓడిన పక్షంగా నిలిచిపోయింది. గిరిని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఓటడిగినవాడికే ఇలాంటి ఓటమి దక్కుతుంది. దూరం నుంచి మాట్లాడేవాడికి ఆ భయం లేదు.

1969 ఆగస్టులో ఆయన రాష్ట్రపతి అయ్యేనాటికి శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం, పోలీసు దాడులు ఉధృతంగా ఉన్నాయి. మరుసటి ఏడాది జులై 10న ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. మరో నాయకుడు నాగభూషణ్ పట్నాయక్‌కు ఉరిశిక్ష పడింది, తరువాత అది యావజ్జీవంగా మారింది. ఎమర్జెన్సీ వచ్చేసరికి మాట్లాడే పని మళ్లీ బయటి దేశాలవాళ్ల మీద పడింది. అమెరికాలో విద్యార్థులు, ఉద్యోగులు ఇండియన్స్ ఫర్ డెమోక్రసీ పేరుతో కూడారు. కెనడాలో 1975లో ఇపానా అనే ప్రవాస భారతీయుల సంఘం పుట్టింది. దాని నాయకుడు, అధ్యాపకుడు హరి శర్మ పాస్‌పోర్టును మరుసటి ఏడాది మన ప్రభుత్వం రద్దు చేసింది. 1916లో నోటీసు, 1976లో పాస్‌పోర్టు. కాగితమే పట్టు. 2021 మార్చిలో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఓసీఐ కార్డున్న, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు ఇక్కడ పరిశోధన, పాత్రికేయం చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఈ తీరంలో ఇటీవలి హక్కుల పోరాటాలు ఊళ్లే చేశాయి. థర్మల్ ప్లాంటుకు బీల (చిత్తడి నేల) ఇవ్వబోమన్న సోంపేటలో 2010 జులై 14న కాల్పులు జరిగాయి. అదేరోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని కొట్టేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేల దగ్గరా తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. ప్రవాసాంధ్రుల వేదికలకు గుడి, బడి, ఆసుపత్రి తెలిసినంతగా బీల, తంపర తెలియవు. పుట్టిన ఊరికి ఏదో చేయాలన్న తపన నిజమైనదే, చందా పుస్తకంలో కనిపిస్తుంది. ఓటరు జాబితాలో కనిపించదు. విదేశాల్లో ఉన్న పౌరులకు ఓటు హక్కు 2011లో అమల్లోకి వచ్చింది, కాని స్వయంగా వచ్చి వేయాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన విదేశీ ఓటర్లు దాదాపు 8 వేలు, వచ్చి ఓటేసింది రెండు వందల లోపు.

డబ్బు, పలుకుబడి ఉన్నవాడికి ఊరికి జవాబు చెప్పాల్సిన పని లేదు. ఊరికి కట్టుబడ్డవాడి మాట చెల్లదు. గుజరాత్‌లోని వీరావల్ బోట్ల మీద వేటకు వెళ్లే శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఈ రెండో రకం. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయిన మనవాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. అన్ని నెలలూ అర్జీలు పట్టుకు తిరిగింది ఇళ్లలోని ఆడవాళ్లే. తరువాత దాని మీద తండేల్ సినిమా కూడా వచ్చింది.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. హైదరాబాద్ నుంచి బస్సులు కిక్కిరిసి వచ్చాయి. వీరావల్ ఉన్న పశ్చిమ తీరంలో వేట నిషేధం మొదలయ్యేది జూన్ 1న. ఓటు కోసం మేలో ఊరికి రావాలంటే కళాసీ మిగిలిన వేట వదులుకోవాలి. వలస వెళ్లినవాళ్లు ఉన్నచోటే ఓటేసే యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2023 జనవరి 16న పార్టీల ముందు పెట్టబోయింది. పార్టీలు అభ్యంతరం చెప్పాయి. విదేశాల్లో ఉన్నవాళ్లకు పోస్టల్ ఓటు ఇద్దామని అదే సంఘం 2020లో కేంద్రానికి రాసింది. రెండూ ఇంకా కాగితాల మీదే ఉన్నాయి.