శిశుపోషణము: దండచేతి కొలత



బిడ్డ చిక్కినదని ఇరుగుపొరుగువారు చెప్పువఱకును కన్నతల్లికి తెలియకపోవుట మనమెఱిగినదే. దినదినము చూచు కన్నులకు కొంచెము కొంచెముగా వచ్చు మార్పు గోచరింపదు. ఇల్లును పాడియు గలచోటనే యిట్లుండగా, పరదేశమున గుడిసెలో తలదాచుకొన్న తల్లి సంగతి చెప్పనేల?

2017వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీ తరువాత, మయన్మారు దేశపు రఖైను ప్రాంతమునుండి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశములోని కాక్సుబజారు జిల్లాకు పారిపోయి వచ్చిరి. ఆ సంవత్సరాంతమున కుతుపలాంగు శిబిరమున పరీక్షింపగా, అయిదేండ్లలోపు బిడ్డలలో ఇంచుమించు నలుగురికొకరు ఆహారలోపముచే కృశించియున్నట్లు తేలెను.

అంతమందిని వైద్యశాలకు రప్పించి తూచుట సాధ్యము కాదు. రోగము ముదిరినగాని తల్లులు రారు. కావున ఇట్టి శిబిరములలో, అచ్చటి వారికే కొందఱికి నేర్పి గుడిసె గుడిసెకు పంపుదురు. వారి చేత నుండునది ఒక రంగుల పట్టీ.

ఆఱు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డల యెడమ దండచేతిని దానితో కొలుతురు. భుజాగ్రమునకును మోచేతికిని సరిగా నడుమ, దండకడియము పెట్టుతావున చుట్టవలెను. చేయి వదులుగా వ్రేలాడవలెను. పట్టీ బిగియరాదు, జారరాదు. 12.5 సెంటీమీటర్లును ఆపైనను ఆకుపచ్చ, 11.5 మొదలు 12.5 లోపు పసుపు, 11.5కు తక్కువైనచో ఎఱుపు. ఏడాది మొదలు అయిదేండ్లవఱకు ఈ కొలత అంతగా మాఱదు గనుక, పుట్టినతేదీ తెలియని బిడ్డకును పనికివచ్చును.

పిదప రెండు పాదములమీదను బొటనవ్రేళ్ళతో మూడు సెకండ్లు నొక్కుదురు. రెండింటను సొట్ట నిలిచినచో, కొలత ఎంతయున్నను అది ప్రమాదమే. వాపు చూచి బలుపనుకొని మురిసిన తల్లులు ఎందఱో!

ఎఱుపు చూపినవారందఱును ఆస్పత్రిలో నుండనక్కఱలేదు. ఆకలి గలిగి, వాపును జ్వరాదులును లేని బిడ్డకు వేరుసెనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు, ఖనిజలవణములు కలిపిన ముద్దను పొట్లములుగా ఇంటికిత్తురు. 92 గ్రాముల పొట్లము 500 కెలోరీల శక్తినిచ్చును. వండనక్కఱలేదు, నీరు కలుపనక్కఱలేదు గనుక చెడునీటి భయము లేదు. అయితే అది ఆ బిడ్డకు ఔషధము. తక్కిన పిల్లలు ఆకలితో చూచుచుండగా ఒక్కరికే తినిపించుట యే తల్లికి సులభము? అందుచేతనే ఇంటిల్లిపాదికిని ఆహారము ముట్టనిచో చికిత్స ఫలింపదు.

గర్భిణులను, బాలింతలను గూడ కొలుతురు. వారికి హద్దు, ఆయా దేశములనుబట్టి, 21 లేక 23 సెంటీమీటర్లు. అందఱకును వడ్డించి అడుగంటినది తినునది తల్లియే కదా!

ఆఫ్రికాలోని నైజరు దేశమున తల్లులకే పట్టీలిచ్చి నేర్పిరి. వారి కొలతలు ఆరోగ్యకార్యకర్తల కొలతలకు ఇంచుమించు సరిపోయెను. బిడ్డలు రోగము ముదురకమునుపే చికిత్సకు వచ్చిరి.

కావున సోదరీమణులారా, మన బిడ్డలను అంగనవాడిలో తూచి కొలుచుదినమున వెనుదీయకుడు. పొట్టకూటికై పొరుగునాటినుండి వచ్చి మన వీథిచివర గుడిసె వేసికొన్న తల్లికి ఆ తావు తెలియకపోవచ్చును. ఆమెను వెంటబెట్టుకొని పొండు.