పొట్లముపై తేదీ చూచి కొనుడు



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల నల్లరేగడిలో శనగ వేయు రైతుకు ఎండుతెగులు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. పచ్చగానున్న మొక్క కొద్ది దినములలోనే వాలిపోవును. కాండమును నిలువుగా చీల్చినచో లోపల నల్లని చార కానవచ్చును. ఈ తెగులు కలిగించు బూజు, శనగ వేయకున్నను 6 సంవత్సరముల వరకు నేలలో బ్రతికియుండగలదు. వాలిన మొక్కను ఏ మందును లేపజాలదు. కావున ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వక, విత్తుటకు ముందే జాగ్రత్తపడవలెను.

ఇందుకు తోడ్పడు బాక్టీరియా సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. ఇది మొక్క వేళ్లను ఆశ్రయించి, అవి స్రవించు పదార్థములను తిని జీవించును. బూజుకు కావలసిన ఇనుమును ముందుగా తాను లాగుకొనును. బూజును అణచు పదార్థములను పుట్టించును. మొక్కలో తెగులును తట్టుకొను శక్తిని పెంచును. శనగ ఎండుతెగులు నివారణకై దీనిని టాల్కు పొడిలో కలిపి తయారుచేయు విధానమును కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు 1995లోనే ప్రకటించిరి.

అయినను, "వాడితిమి, ఫలితము లేదు" అనువారు కలరు. నా అభిప్రాయములో లోపము చాలవరకు బాక్టీరియాలో లేదు, దానిని మనము కాపాడు తీరులో ఉన్నది. ఇది ప్రాణమున్న సరుకు. నెలల తరబడి వేడికి మగ్గిన పొట్లములో మిగులునది ఉత్త పొడియే. ధర అడిగినట్లే తయారైన తేదీ, గడువు తేదీ అడిగి చూడుడు. రాయితీపై వచ్చినదైనను ఇదే నియమము. అమ్మువారును, పంచువారును చల్లని చోట నిలువచేసి, విత్తుకాలమునకు తాజా సరుకునే అందించవలెను.

విత్తనము కిలోకు 10 గ్రాముల పొడి చాలును. ఎకరమునకు 30 కిలోల విత్తనమైనచో 300 గ్రాములు. చల్లారిన గంజితో విత్తనమును కొద్దిగా తడిపి, పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆనాడే విత్తుడు. రాగి మందులతో కలపరాదు. జె.జి.11 వంటి తెగులును తట్టుకొను రకము, పంట మార్పిడి ఎప్పటివలెనే అవసరము.

ఈ ఏడు ఒక పని చేయుడు. చేనిలో నాలుగు సాళ్లు పొడి పట్టించని విత్తనముతో వేసి, గుర్తుకు కర్ర పాతుడు. కోతనాటికి రెండు వైపులను నిలిచిన మొక్కలను లెక్కించుడు. నంద్యాలలో 1906 నుండి వ్యవసాయ పరిశోధనా స్థానము కలదు. మీ లెక్కను అచ్చటి శాస్త్రజ్ఞులకు చూపి, సందేహములు తీర్చుకొనుడు. ఒకరి మాటకంటె మీ చేనే మీకు మంచి సాక్ష్యము.