ఇంటి భోజనం ఎవరు వండుతారు?

మొన్న ఆదివారం మావారూ, మా మరిదీ కూర్చుని లెక్కలు వేశారు. ఊళ్ళో చెరువు పక్కనున్న మా పొలంలో నాలుగు కాటేజీలు కట్టి అద్దెకిద్దామని. ఇసుక, సిమెంటు, బోరు, కరెంటు అన్నీ కాగితం మీదకి వచ్చాయి. "మరి భోజనాలో?" అన్నాను. "ఇంటి భోజనమే కదా వదినా, మన స్పెషల్!" అన్నాడు మరిది. ఆ వండే మనిషికి మాత్రం కాగితం మీద పద్దు లేదు.

నాకు వెంటనే గన్‌ఫ్లింట్ లాడ్జి గుర్తొచ్చింది. అమెరికాలోని మిన్నెసోటాలో, కెనడా సరిహద్దు మీదున్న సరస్సు ఒడ్డున ఉంటుంది. వేరేవాళ్ళు మొదలుపెట్టిన ఆ చిన్న లాడ్జిని 1920ల చివర్లో మే స్పనర్ అనే ఆవిడ కొన్నారు. ఆవిడ కూతురు జస్టీన్ జంతుశాస్త్రం చదివి, డాక్టరు కావాలనుకున్న పిల్ల. మాంద్యంలో ఉన్న ఆస్తి పోయి, ఆ లాడ్జే ఆధారమైంది. జస్టీన్ అడవిలోనే ఉండిపోయింది. పక్కనే ఉండే ఒజిబ్వే వాళ్ళ దగ్గర అడవి బతుకు నేర్చుకుంది. కుక్కల బండి తోలింది, వచ్చినవాళ్ళకి పడవలో దారి చూపింది. బిల్ కెర్‌ఫుట్‌ని పెళ్ళి చేసుకుని, ముగ్గురు పిల్లల్ని పెంచింది. 1953లో పెద్ద భవనం కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. తర్వాత కొడుకు బ్రూస్, కోడలు సూ నడిపి, 2016లో అమ్మేశారు.

ఇలాంటి చోట్ల ఫొటోలు చూస్తే అందరికీ సరస్సు కనిపిస్తుంది. నాకు ఉతకాల్సిన దుప్పట్లు కనిపిస్తాయి. వచ్చినవాళ్ళకి అది సెలవు, ఆ ఇంటి ఆడవాళ్ళకి సీజను. అయితే గన్‌ఫ్లింట్‌లో తల్లీకూతుళ్ళు వంటింటి వెనక ఉండిపోలేదు, వాళ్ళే యజమానులు. పైగా జస్టీన్ తన కథ తనే పుస్తకంగా రాసుకుంది, 1986లో. అందుకే ఇవాళ ఆవిడ పేరు మనకి తెలుసు. "ఫ్యామిలీ బిజినెస్" అనే మాట వెనక ఎన్ని పేర్లు కలిసిపోయి ఉంటాయో!

నేను కాటేజీలు వద్దనలేదు. పెన్ను తీసుకుని రెండే పద్దులు చేర్చాను. ఒకటి, వంటకీ దుప్పట్లకీ నెల జీతం. రెండు, భాగస్వాముల్లో నా పేరూ, మా తోటికోడలి పేరూ. మరిది నవ్వాడు. మావారు నవ్వలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంటి భోజనం ఉచితమని ఎవరైనా అంటే, మీరూ ఆ కాగితం ఒకసారి అడిగి చూడండి.