గ్యాలరీ కంటే ముందు గడ్డి

మెట్ట మాట

మన వైపు స్టేడియం కట్టే పద్ధతి ఒకటుంది. ముందు శిలాఫలకం లేస్తుంది. తర్వాత ప్రహరీ గోడ, దానికో ఆర్చి. ఆ తర్వాత ఒకవైపు మెట్ల గ్యాలరీ, దాని కింద అద్దెకిచ్చుకునే నాలుగు షాపులు. ఇంతలో బిల్లులు ఆగిపోతాయి, కాంట్రాక్టరు ఫోనెత్తడం మానేస్తాడు. ఆడాల్సిన నేల మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. జట్టు లేదు, పోటీల్లేవు, స్టేడియానికి ఎవరి పేరు పెట్టాలో మాత్రం ముందే తేలిపోతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ వరసను తిరగేసి పని జరిగిన చోటు తెలుగు నేల మీద ఒకటుంది. హైదరాబాద్ పడమటి శివారులో, చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే దారిలో, మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్. వీసా కోసం ప్రదక్షిణలు చేయడానికి పోయేవాళ్లలో ఎక్కువమందికి ఆ దారిలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ స్టేడియం ఉందని తెలియదు. తెలియకపోవడంలో వింత లేదు. డెక్కన్ ఎరీనా అనే ఆ స్టేడియంలో కూర్చునే చోటు సుమారు 1500 మందికే. మన దగ్గర పెద్ద కల్యాణ మండపంలో పెళ్లికి అంతమంది వస్తారు. అయినా దేశమంతా తిరిగి ఆడే ఐ-లీగ్ జట్లు అక్కడికొచ్చి ఆడి వెళ్లాయి. 2024 డిసెంబరులో రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఆఖరి దశ హైదరాబాద్‌లో జరిగినప్పుడు లీగ్ మ్యాచ్‌లకు ఆ నేలే ఆధారమైంది.

దాని వెనక వరస చూడండి. దాన్ని సొంత మైదానం చేసుకున్న శ్రీనిధి ఫుట్‌బాల్ క్లబ్ 2015లో పిల్లల జట్లతో మొదలైంది. పదమూడేళ్లలోపు, పదిహేనేళ్లలోపు పిల్లలను యూత్ లీగుల్లో ఆడించారు. 2021-22లో పెద్దల జట్టు ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. కోవిడ్ వల్ల ఆ ఏడు పోటీలన్నీ బెంగాల్‌లోనే జరిగాయి, సొంత మైదానం అవసరమే పడలేదు. ఆ జట్టు మూడో స్థానంలో నిలిచింది. సొంత ఊళ్లో ఆడటం 2022 నవంబరులో మొదలైంది. అంటే పిల్లలు బంతి తన్నడానికీ, టికెట్టు కొని జనం లోపలికి రావడానికీ మధ్య ఏడేళ్లు. ముందు ఆట, తర్వాత నేల, ఆ తర్వాతే కుర్చీలు. 2022-23లోనూ, 2023-24లోనూ ఆ జట్టు రెండో స్థానంలో నిలిచింది. రెండుసార్లూ ఒక్క మెట్టు తక్కువై, పై లీగ్ ఐఎస్ఎల్ అందలేదు.

ఇందులో ఆంధ్రప్రదేశ్‌కు ముల్లులా గుచ్చుకోవాల్సిన సంగతి మరొకటుంది. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త జట్ల కోసం బిడ్లు పిలిచినప్పుడు ఆ క్లబ్ వెనకున్న శ్రీనిధి విద్యాసంస్థకు అవకాశం దక్కింది విశాఖపట్నం పేరు మీద. విశాఖలో క్రికెట్‌కు అంతర్జాతీయ స్టేడియం ఉంది, సముద్రం ఉంది, జనం ఉన్నారు. కానీ ఆ జట్టు చివరికి ఇల్లు కట్టుకున్నది అజీజ్‌నగర్‌లో. విశాఖ పేరుతో పుట్టిన జట్టును మొయినాబాద్ మండలంలోని ఊరు పెంచుకుంది. దీని మీద మన శాసనసభలో ఎవరైనా ఒక్క ప్రశ్న వేసినట్టు నాకు గుర్తు లేదు.

పెద్ద స్టేడియం ఉంటే జట్టు దానంతటదే నిలుస్తుందనేవాళ్లు గచ్చిబౌలి వైపు చూడాలి. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల కాలంలో కట్టిన బాలయోగి స్టేడియంలో ముప్పై వేల మంది పడతారు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీకి అదే సొంత మైదానంగా ఉండేది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తిన జట్టు అది. తర్వాత డబ్బు కటకట, ఆటగాళ్ల జీతాల బకాయిలు, యాజమాన్యం మార్పు. 2025లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. తప్పు స్టేడియానిది కాదు. కానీ ముప్పై వేల కుర్చీలు ఒక జట్టును ఊళ్లో కట్టి పడేయలేవని తేలింది. పైగా మూడు వేల మంది వచ్చినా ఆ గిన్నెలో ఖాళీగానే కనిపిస్తుంది. అజీజ్‌నగర్‌లో వెయ్యి మంది వస్తే హోరు. ఆడే కుర్రాడికి ఆ తేడా చెవుల్లో తెలుస్తుంది.

ఇప్పుడు మన నెల్లూరు జిల్లా మెట్టలోని దుత్తలూరు సంగతికొస్తాను. కావలి నుంచి ఉదయగిరి వెళ్లే రోడ్డు, పామూరు నుంచి ఆత్మకూరు వైపు దిగే రోడ్డు కలిసే కూడలి ఇది. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు బస్సు దిగేదీ ఎక్కేదీ ఇక్కడే. నర్రవాడ వెంగమాంబ పేరంటాలు బ్రహ్మోత్సవాలకు వేల జనం వచ్చిపోయేదీ ఈ మండలానికే. ఇక్కడ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అంటే నవ్వొస్తుంది, రానివ్వండి. జర్మనీలో హోఫెన్‌హైమ్ మూడు వేల జనాభా ఉన్న పల్లె. ఆ పల్లె జట్టు 2008లో అక్కడి పై లీగ్ బుండెస్‌లీగాకు ఎక్కింది. అయితే దాని వెనక డీట్మార్ హాప్ అనే సాఫ్ట్‌వేర్ కుబేరుడున్నాడు, చిన్నప్పుడు ఆ ఊరి జట్టులోనే ఆడినవాడు. మన మెట్టలో కువైట్ నుంచి నెలనెలా డబ్బు పంపే అన్నలున్నారు, అంతటి కుబేరులు లేరు. కాబట్టి జర్మనీ లెక్క మనకు పనికిరాదు.

మనకు దగ్గరి లెక్క కేరళలో ఉంది. మలప్పురం వైపు కోతలైపోయాక ఖాళీ పొలాల్లో జట్టుకు ఏడుగురు చొప్పున సెవెన్స్ ఫుట్‌బాల్ ఆడతారు. వెదురు బొంగులు, పోకమానులతో తాత్కాలిక గ్యాలరీ కడతారు, లైట్లు వేస్తారు, టికెట్టు పెడతారు. డబ్బిచ్చి తెచ్చిన ఆటగాళ్లుంటారు, వాళ్లలో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. సీజన్ అయిపోగానే బొంగులు విప్పి సర్దేస్తారు. అక్కడ ఆటకు జనం ముందు అలవాటుపడ్డారు. అందుకే మంజేరి పక్కన పయ్యనాడ్‌లో పక్కా స్టేడియం కట్టాక 2022 సంతోష్ ట్రోఫీకి అది కిటకిటలాడింది. మనకూ ఈ అలవాటు కొత్త కాదు. తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీ పెడితే మిట్టమధ్యాహ్నం గంటల తరబడి నిలబడి చూస్తారు. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో నోటికి చెప్తారు. గ్యాలరీ కట్టలేదని ఎవరూ ఇంటికి పోలేదు.

హైదరాబాద్ పాత కథ చెప్పేదీ ఇదే. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా బతుకు మొదలుపెట్టినవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ గెలవలేదు. ఆ తరానికి ఏసీ డ్రెస్సింగ్ రూములు లేవు. ఉన్నది ఏడాది పొడవునా ఆట.

మరి మన దగ్గర ఉన్నదేమిటి? మెట్ట మండలాల్లో ఏ హైస్కూలు గ్రౌండుకైనా వెళ్లండి. గోల్‌పోస్టులు ఉంటే ఉంటాయి, వల ఉండదు. అంచుల్లో సర్కారు తుమ్మ. మధ్యలో సిమెంటు క్రికెట్ పిచ్. ఏ మంత్రిగారి పర్యటనకో వేసిన హెలిప్యాడ్ గుండ్రం ఓ మూల, దాని మీద సున్నంతో కొట్టిన గుర్తు. వానాకాలం పోయాక నేలంతా పల్లేరు పాకుతుంది. ఉత్తకాళ్లతో దిగిన పిల్లవాడు పది అడుగులు పరుగెత్తి, ఒంటికాలి మీద నిలబడి, పల్లేరుకాయ పీక్కుని మళ్లీ పరుగెత్తుతాడు. బంతి తొలి వారంలోనే పంక్చరు. 2023 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం ఆడుదాం ఆంధ్రా అంటూ ఊరూరా పోటీలు పెట్టింది. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. ఐదు ఆటల్లో ఫుట్‌బాల్‌కు చోటు దొరకలేదు. పక్క రాష్ట్రంలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం బోర్డులు పాతారు. చాలాచోట్ల బోర్డే ప్రాంగణం. పార్టీలు మారినా జబ్బు మారలేదు. ఇప్పుడు అమరావతిలో లక్ష పైచిలుకు సీట్ల క్రికెట్ స్టేడియం మాట వినిపిస్తోంది.

సరే, నేల బాగుచేద్దామంటే ఏం కావాలి? ప్రొఫెషనల్ మ్యాచ్‌కు మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, లేకపోతే సాయంత్రం మ్యాచ్‌లో ఒక గోల్‌కీపర్ కళ్లలో పొద్దు కొడుతూనే ఉంటుంది. మధ్య నుంచి అంచులకు కంటికి కనపడనంత వాలు, కింద ఇసుక పొర, దాని కింద నీరు పోయే గొట్టాలు. తర్వాత రెండు జట్లకు వేర్వేరు డ్రెస్సింగ్ రూములు, రిఫరీలకు గది, వైద్యానికి గది, డోపింగ్ పరీక్షకు గది, గేటు దాకా వచ్చి తిరగగలిగే అంబులెన్స్ దారి. ప్రేక్షకుడి కుర్చీ ఈ జాబితాలో చివర్న వస్తుంది.

అన్నిటికంటే బరువైనది నీళ్ల లెక్క. ఆ కొలత మైదానం 7140 చదరపు మీటర్లు. ఎండాకాలం గడ్డికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే 35,700 లీటర్లు. అంటే రోజూ ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడుకు పైనే. దుత్తలూరు, ఉదయగిరి వైపు బోర్లు ఎంత లోతుకు పోయాయో రైతును అడగండి. సోమశిల జలాశయం ఆత్మకూరు పక్కనే ఉన్నా ఈ మెట్టకు దాని నీళ్లు ఇప్పటికీ ఎదురుచూపులే. తాగే నీళ్లకు బిందెలు వరసలో పెట్టే చోట గడ్డికి ఏడు ట్యాంకర్లు పోస్తానంటే ఊరు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. ప్లాస్టిక్ గడ్డి పరుద్దామంటారు కొందరు. అది ఎండకు కాలిపోతుంది. రోహిణి కార్తెలో దాని మీద మధ్యాహ్నం అడుగు పెట్టలేరు. ఏళ్లు గడిచాక అరిగి, మళ్లీ మొదటి ఖర్చంతా నెత్తిన పడుతుంది.

అందుకే నా మాట ఇది. దుత్తలూరుకు పచ్చగడ్డి అడగొద్దు. పల్లేరు లేకుండా చదును చేసి, రోలరు తొక్కించి, వాలు పెట్టి, వలలు కట్టిన మట్టి గ్రౌండు అడుగుదాం. మండలానికి అలాంటిది ఒకటి చాలు. పచ్చగడ్డి, డ్రెస్సింగ్ రూములు, రెండు వేల కుర్చీలు ఉన్న చిన్న స్టేడియం జిల్లాకు ఒక్కటి, నెల్లూరు శివారులో కట్టండి. అక్కడైతే పట్టణం వదిలే మురుగునీటిని శుద్ధిచేసి గడ్డికి పెట్టొచ్చు, ఎవరి బిందెలో నీళ్లూ తీయక్కర్లేదు. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, దుత్తలూరు జట్లు ఆరు నెలలు మట్టి మీద ఆడి, గెలిచినవాళ్లు ఆ గడ్డి మీదికి వెళ్లాలి. పిల్లవాడికి ఎక్కడానికి ఒక మెట్టు కనపడాలి, అంతే.

జరిగే పనేనా అంటారు. మన పక్కనే, రాయలసీమలో జరిగింది. కరువుకు మారుపేరైన అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపిన క్రీడా గ్రామంలో ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్, క్రికెట్ పక్కపక్కనే ఆడతారు. లా లిగా వాళ్లు అక్కడి ఫుట్‌బాల్‌కు చేయి కలిపారు. నాదల్ పేరు మీద టెన్నిస్ బడి ఉంది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు చాలావరకు అక్కడే జరిగాయి. ఆ మైదానాలు ఏళ్ల తరబడి పచ్చగా ఉండటానికి కారణం కట్టినవాళ్లు తాళం వేసి వెళ్లిపోకపోవడం. రోజూ గడ్డి కోసేవాడు, నీళ్లు పెట్టేవాడు, పిల్లల హాజరు రాసేవాడు జీతం మీద ఉన్నారు.

మన జిల్లాలో లేనిది ఆ జీతం. గ్యాలరీకి నిధులొస్తాయి, దాన్ని ప్రారంభించొచ్చు, ఫొటో దిగొచ్చు. గ్రౌండ్స్‌మన్ జీతానికి రిబ్బను కత్తిరించలేరు, అందుకే దానికి పద్దే ఉండదు. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ, రాష్ట్ర స్థాయిలోని శాప్ వచ్చే ఏడు కాగితం మీద పెట్టాల్సినవి మూడు. మండల గ్రౌండుకు ఒక గ్రౌండ్స్‌మన్ జీతం. ఖాళీగా ఉన్న ప్రతి పీఈటీ పోస్టు భర్తీ. జూలై నుంచి డిసెంబరు దాకా ఏ ఆదివారం ఎవరు ఎవరితో ఆడతారో చెప్పే పట్టిక. ఈ మూడింటికి అయ్యే ఖర్చు ఒక ఆర్చి, ఒక ప్రహరీ కంటే మించదని నా నమ్మకం. పట్టికలో మ్యాచ్ ఉన్న రోజుల్లో గ్రౌండును సభలకు, ఎగ్జిబిషన్లకు, హెలికాప్టర్లకు ఇవ్వబోమని కలెక్టరుగారి ఉత్తర్వు ఒకటి తోడు కావాలి.

ఇవి ఇచ్చిన ఎమ్మెల్యేని స్టేడియం అడిగే హక్కు మనం రెండో ఏట వాడుకుందాం. ఇవ్వకుండా స్టేడియమే ఇస్తానని వచ్చేవాడిని మాత్రం ఒక్కటే అడగండి: పన్నెండు నెలలూ దాంట్లో ఆడేదెవరు?

— మెట్టవాసి