తిమింగలాల పండుగలో కనిపించని మనుషులు

కొమ్ము మోగగానే జనమంతా కొండ అంచుకు పరుగెత్తారు. ఎండిన సముద్రపు నాచు కాడతో చేసిన కొమ్ము అది. తిమింగలం కనబడిందని ఊరికి చాటడమే దాన్ని ఊదే మనిషి ఉద్యోగం. దక్షిణాఫ్రికాలోని హెర్మనస్ పట్టణంలో 1992 నుంచి ఈ కొలువు ఉంది. పర్యాటకులు అతనితో ఫొటోలు దిగుతారు. మన ఊళ్ళలో దండోరా వేసే డప్పు ఎవరి మెడలో వేలాడిందో, ఆ దండోరానే మాదిగలు తమ ఉద్యమానికి పేరుగా ఎలా మలుచుకున్నారో తెలిసిన నాకు ఆ దృశ్యం వింతగా తోచింది.

కేప్‌టౌన్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో, అక్కడికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో జరిగే ఈ తిమింగలాల పండుగకు వెళ్ళాను. దక్షిణ మహాసముద్రపు చలి నీళ్ళ నుంచి సదరన్ రైట్ తిమింగలాలు జూన్ మొదలుకొని నవంబరు దాకా ఈ వాకర్ బే అఖాతానికి వచ్చి ఈనుతాయి. సెప్టెంబరు చివరి వారాల్లో ఊరంతా సంగీతం, తినుబండారాల దుకాణాలు, పిల్లలకు సముద్ర విజ్ఞాన పాఠాలు. ఆ జీవి పేరు వెనుక కథను ఒక వక్త చక్కగా వివరించాడు. నెమ్మదిగా ఈదుతుంది, చచ్చాక తేలుతుంది, నూనె ఎక్కువ ఇస్తుంది; కాబట్టి చంపడానికి ‘సరైన’ తిమింగలమని వేటగాళ్ళే ఆ పేరు పెట్టారు. 1935లో అంతర్జాతీయ రక్షణ లభించేనాటికి దక్షిణార్ధగోళమంతటా అవి కొన్ని వందలకు పడిపోయాయని అంచనా. ఆ సాయంత్రం తల్లీబిడ్డా ఒడ్డుకు రాయి విసిరేంత దూరంలో దొర్లుతుంటే నా కళ్ళు చెమర్చాయి. ఆ పండుగను వెక్కిరించడానికి నేనీ వ్యాసం రాయడం లేదు.

నేను భీమిలి దగ్గరి ఒక జాలరి కుటుంబంలో పుట్టాను. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయ్యేది. బడిలో నా పేరు కన్నా ముందు ‘నీసు వాసన’ పలికేది. అందుకే ఏ ఒడ్డున నిలబడినా ముందు పడవల కోసం వెతుకుతాను. హెర్మనస్ పాత రేవులో పడవలున్నాయి. రంగులు వేసి, వరుసగా నిలబెట్టి, ప్రదర్శనకు ఉంచారు. వాటిలో వేటకెళ్ళిన వాళ్ళ మనుమలు ఏరీ అని అడిగాను.

జవాబు 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టంలో ఉంది. ఎవరు ఏ వీధిలో బతకాలో చర్మపు రంగును బట్టి నిర్ణయించిన చట్టమది. ‘కలర్డ్’ అని ముద్రవేసిన కుటుంబాలకు మౌంట్ ప్లెజెంట్, నల్లజాతి కూలీలకు జ్వెలిహ్లే. మొదటిదానికి ఆహ్లాదగిరి అని అర్థం. ఖోసా భాషలో రెండోదానికి అందమైన నేల అని. వెలివాడలకు ఇంత ముచ్చటైన పేర్లు పెట్టిన పాలకులు మనకూ కొత్త కాదు. 1994లో వర్ణవివక్ష పాలన పోయింది కానీ గీతలు చెరిగిపోలేదు. ఇళ్ళ స్థలాల కోసం 2018లో జ్వెలిహ్లే రోడ్లెక్కింది. తిమింగలాలు కనిపించే మేడల ధరలు మాత్రం పెరుగుతూనే వచ్చాయి.

మర్నాడు పడమటి దిక్కున ఉన్న హాస్టన్ అనే బెస్తపల్లెకు వెళ్ళాను. అక్కడి బతుకంతా పెర్లమూన్ అనే సముద్రపు నత్త చుట్టూ తిరుగుతుంది. హాంకాంగ్ విందుల్లో దాని ధర ఆకాశంలో ఉంటుంది. చట్టవిరుద్ధంగా తీసేవాళ్ళ వల్ల అది అంతరించే దశకు చేరింది. ఆ మాట నిజం. ముఠాలు దిగాయి, మత్తుమందులు దిగాయి, కుర్రాళ్ళు రాత్రుళ్ళు మునిగి చనిపోయారు. కానీ దొంగతనం ఎప్పుడు మొదలైందన్నది చూడాలి. 1998 నాటి సముద్ర వనరుల చట్టం వాణిజ్య వేటను గుర్తించింది, వినోద వేటను గుర్తించింది, పొట్టకూటి వేటనూ గుర్తించింది. నాలుగు చేపలు తిని పది అమ్ముకునే సంప్రదాయ మత్స్యకారుడికి మాత్రం అందులో గడి లేదు. అంటే తాతల నాటి వృత్తి ఒక్క కలం పోటుతో నేరమైంది. 2004లో ఆ మత్స్యకారులు ఈక్వాలిటీ కోర్టుకెక్కారు. 2007లో కోర్టు తాత్కాలిక ఊరట ఇప్పించి, కొత్త విధానం రాయమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ విధానం 2012లో గానీ వెలువడలేదు. కోటాలు చేతికందడం మరో కథ.

సముద్రాన్ని చూసేవాడు ప్రేమికుడు, సముద్రంలో దిగేవాడు దొంగ. ఈ పంపకం ఎవరు చేశారు? కొండమీద దుర్భిణి పట్టుకున్న చేతికి ఎన్నడూ వల తగిలి ఉండదు. కానీ సంరక్షణ అనే మాట ఆ చేతికే దక్కింది. మన తీరంలోనూ ఇదే జరుగుతోంది. ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలను విశాఖ ఇసుకలో వదిలే ఉదయం నగరపు పిల్లలు కెమెరాలతో వస్తారు. రావాలి, మంచిదే. గుడ్లకు రాత్రంతా కాపలా కాసే జాలరి కుర్రాడు ఆ ఫొటో అంచున కూడా ఉండడు. ఒడ్డుకు దగ్గరగా వచ్చే ట్రాలర్ల కింద నలిగి కొట్టుకొచ్చిన తాబేళ్ళకు మాత్రం మా పేటలే సంజాయిషీ చెప్పాలి.

ఇంతవరకు రాయడం నాకు తేలిక. హాస్టన్‌లో ఒక ముసలి గజ ఈతగాడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు: ‘మీ దేశంలో సముద్రం ఎవరిది?’ ‘మాదే’ అన్నాను, ఛాతీ విరుచుకుని. తిరుగు ప్రయాణంలో ఆ ‘మా’ నాకు గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు గ్రామాల్లో ‘పాడు’ అనే పద్ధతి ఉంది. మంచి రొయ్య దొరికే చోట్లను వంతులవారీగా పంచుకునే ఏర్పాటు. పర్యావరణ పండితులు దాన్ని సముదాయ నిర్వహణకు ఆదర్శమని మెచ్చుకుంటారు. ఆ వంతుల్లో చోటు ప్రధానంగా పట్టణవర్ కులపు పురుషులకే. దళితులకు వంతు లేదు. చేతులతో తడిమి రొయ్యలు పట్టే గిరిజనులకు లేదు. తీరంలో వృత్తి కులాలుగా మేం అనుభవించిన అవమానాన్ని, మాకంటే కింద అని మేం అనుకున్నవాళ్ళకు నీటి మీద కూడా చూపించాం. చవుదారు చెరువు నీళ్ళ కోసం అంబేడ్కర్ 1927లో మహాడ్‌లో నడిచింది మంచినీటి హక్కుకు; ఉప్పునీటి దగ్గర ఆ ప్రశ్నను మేమే ఎదుర్కోవాల్సిన స్థితి వచ్చింది. ‘మత్స్యకారులు’ అనే ఒక్క మాట కింద ఈ తేడాలన్నీ కప్పి పెట్టడం మా సంఘాల నాయకులకు అలవాటు. నాకూ అలవాటే.

అదే సరస్సుకు ఇవతల, మన సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుతుంది. వలస పక్షులకు స్వాగత తోరణాలు కడతారు. పక్కనే శ్రీహరికోట దీవి. రాకెట్ కేంద్రం రాకముందు ఆ అడవి యానాదులది. పక్షికి వలస హక్కు, రాకెట్‌కు నింగి హక్కు దొరికిన చోట యానాదికి నేల మీద, నీటి మీద ఏ హక్కుందో ఆ పండుగ వేదిక మీద ఎవరైనా అడిగితే వినాలని ఉంది. ఆహ్వాన పత్రికలో యానాదుల నృత్యం ఉంటే సరిపోదు. పండుగ కమిటీలో వాళ్ళ పేరు, సరస్సు వంతుల్లో వాళ్ళ వాటా ఉండాలి. ఆ రెండో సంగతి మాట్లాడాల్సింది ముందు మా కులసంఘాల సమావేశాల్లో. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు నేను దాన్ని అక్కడ ఎత్తబోతున్నాను. ఎలాంటి మాటలు పడాల్సి వస్తుందో నాకు తెలుసు.