ఇంగ్లిష్ మీడియం సరే.. మార్టూరు టెన్త్ పిల్లలకు అసలేం కావాలి?

ఏపీలో ఇంగ్లిష్ మీడియం గొడవ ఎప్పుడూ పార్టీల మధ్యే నడుస్తోంది. 2019 నవంబర్‌లో జీవో 81, ఆ వెంటనే జీవో 85 వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. 2023లో సర్కారు బడుల్లోకి టోఫెల్ వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక అదీ పోయింది. ఇంత జరిగినా పిల్లలకు ఏం కావాలో అడిగినవాళ్లు తక్కువే.

మార్టూరునే తీసుకుందాం. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. చుట్టూ పత్తి, మిర్చి చేలు, గ్రానైట్ ఫ్యాక్టరీలు. ఇలాంటి చోట టెన్త్ పిల్లలకు ఇంగ్లిష్‌తో పని మూడు చోట్ల పడుతుంది. ఒకటి, పరీక్ష. రెండు, పైచదువు. పాలిటెక్నిక్‌లో చేరినా, ఒంగోలు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చినా పాఠాలు ఇంగ్లిష్‌లోనే. మూడు, హైదరాబాదో బెంగళూరో వెళ్తే ఉద్యోగం ఇంటర్వ్యూ.

తమ చాకిరీ పిల్లలకు వద్దన్నది కౌలు రైతు తపన. అందుకే అప్పు చేసైనా ఇంగ్లిష్ మీడియంలో వేస్తాడు. అందులో తప్పులేదు. కానీ పదిహేనేళ్ల పిల్లల బాధ వేరు. నోరు తెరిస్తే తప్పు దొర్లుతుందేమో, వెనక బెంచీ నవ్వుతుందేమోనన్న భయం. ఆశ లేక కాదు, జంకు వల్లే మాట రాదు. పైగా పబ్లిక్ పరీక్ష రాతదే. మాట్లాడితే మార్కుల్లేవు కాబట్టి గైడు బట్టీ పడితే సరిపోతోంది.

దాని ఫలితం ఏంటి? 2023లో 'అసర్' సర్వే 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో గ్రామీణ ప్రాంతాల 14-18 ఏళ్ల వారిని పరీక్షించింది. ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగింది 57.3 శాతమే. చదివినవాళ్లలోనూ నాలుగో వంతుకు పైగా అర్థం చెప్పలేకపోయారు. సొంత భాషలో రెండో తరగతి పాఠమే గడగడా చదవలేనివాళ్లు దాదాపు పాతిక శాతం.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. తెలుగు చదవడం రాని పిల్లాడికి మీడియం మార్చితే ఇంగ్లిష్ రాదు. రెండు భాషల్లోనూ వెనకబడతాడు.

మరి ఏం చేయాలి? రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని నిజంగా వాడాలి. సందేహం తెలుగులో అడగనివ్వాలి. రోజూ పది నిమిషాలు తప్పులు పట్టకుండా మాట్లాడించాలి. పురుగుమందు డబ్బా మీది సూచనలు, బ్యాంకు ఫారం, ఉద్యోగ ప్రకటన పాఠాలు కావాలి. నాన్న కొట్టే మందు డబ్బా మీద ఏముందో చదివి చెప్పగలిగిన రోజు ఇంగ్లిష్ ఎందుకో ఆ పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.